పుట్టింట్లో తగ్గే జబ్బు

కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయిన ఏడాది నేను మొదటి కాన్పుకు ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు, మా పుట్టింటికి పోయాను. ఆడపిల్ల పుట్టింది. బిడ్డ బోర్లా పడడం నేర్చాక ఎత్తుకుని అత్తవారింటికి తిరిగి వచ్చాను. నా జబ్బు ఆ తర్వాతే మొదలైంది.

మా నాయనకు ఎమ్మిగనూరులో రంగుల అంగడి ఉండేది. మగ్గాలవాళ్ళు నూలుకు వేసే రంగులన్నీ అక్కడ దొరికేవి. మా ఇంట్లో ఎవరి చేతులు చూసినా గోళ్ళ చివర ఏదో ఒక రంగు అంటుకునే ఉండేది. అత్తవారిది ఆదోనిలో పత్తి వ్యాపారం. మామ, అత్త, నా భర్త, నేను, అంతే ఇంట్లో. మామకు చక్కెర జబ్బు. వ్యాపారం పనిమీద బొంబాయి పోయినప్పుడు అక్కడి డాక్టరొకాయన, రాత్రి అన్నం మాని గోధుమ రొట్టె తినమని చెప్పాడట. ఒక్క మనిషికోసం వేరే వంట ఎందుకని మా అత్త ఇంటిల్లిపాదికీ అదే చేసేది. పొద్దున కూడా తరచుగా గోధుమ రవ్వ ఉప్మాయే. మా పుట్టింట్లో గోధుమలంటే పండగకు పాయసంలో పడేవి, అంతే. పెళ్ళైన కొత్తలో ఆ మెత్తటి రొట్టెలు చూసి, పెద్దింటికి వచ్చానని సంబరపడ్డాను.

జబ్బు గురించి దాచకుండా చెప్తాను. ఈ వయసులో సిగ్గుపడేదేముంది? తిన్నది ఒంట పట్టేది కాదు. రోజుకు ఎన్నిసార్లో దొడ్లోకి పరిగెత్తేదాన్ని. పాలిపోయిన రంగులో, నురుగుతో, నాకే భరించరాని వాసనతో పోయేది. కడుపు మాత్రం తప్పెటలా ఉబ్బి ఉండేది. నాలుక పచ్చి పుండులా ఎర్రబడి, ఉప్పు తగిలితే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. గాజులు మోచేతి దాకా జారేవి. బిడ్డకు పాలు చాలక, మా అత్తే రాగి అంబలి కాచి పోసేది.

మొదట జిగట విరేచనాలన్నారు. బిళ్ళలు ఇచ్చారు. తర్వాత రక్తం లేదన్నారు. సూదులు వేశారు. సూదులతో కొంచెం తేరుకుని, మళ్ళీ మొదటికి వచ్చేదాన్ని. ఇట్లా ఏడాది గడిచింది. ఈ మధ్యలో రెండోసారి నిలిచిన కడుపు మూడో నెలలో పోయింది. అప్పుడు మా నాయన బస్సెక్కి వచ్చి నన్ను ఎమ్మిగనూరుకు పిలుచుకుపోయాడు.

అక్కడ రెండు నెలలు ఉన్నాను. మొదటి వారంలోనే కడుపు నెమ్మదించింది. నెల తిరిగేసరికి బుగ్గల్లోకి రంగు వచ్చింది. ఏ మందూ తినలేదు. మా అమ్మ జొన్నరొట్టె, గోంగూర పప్పు, ఊరిబిండి పచ్చడి, పెరుగన్నం పెట్టింది, అంతే. తేరుకున్నానని ఆదోనికి పంపారు. రెండు మూడు వారాలకు మళ్ళీ అదే వరస. ఆ తర్వాత ఇంకోసారి పోయాను, ఇంకోసారి తగ్గింది, వచ్చాను, తిరగబెట్టింది.

ఇక వీధిలో మాటలు మొదలయ్యాయి. మా అత్త చెడ్డది కాదు, కానీ మనసులో ఉన్నది నోట్లో ఆగే మనిషి కాదు. ఒకనాడు పక్కింటావిడతో నేను వింటుండగానే అన్నది.

"పుట్టింటికి పోతే తగ్గే జబ్బుకు మందు యాడుంటాదమ్మా? అది కడుపులో లేదు. మనసులో ఉండాది."

నేను వంటింట్లో నిలబడి ఆ మాట విన్నాను. కోపం రావాల్సింది, రాలేదు. నిజమేనేమో అనిపించింది. ఆదోని బస్సు దిగగానే నాకు గుండె బరువెక్కే మాట వాస్తవం. ఈ ఇల్లు నాకు పడక, నా మనసే నా కడుపును ఇట్లా చేస్తున్నదేమో! మనిషి తనమీద తనే అనుమానపడితే ఇక ఎవరికి చెప్పుకుంటుంది?

నా భర్త ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆయన ఆలోచించి ఒక మాట అన్నాడు.

"నీళ్ళు పడలేదేమో. ఈ ఊరి నీళ్ళు ఉప్పన. మీ ఊరి బాయి నీళ్ళు తెప్పిస్తా, సూస్తాం."

నిజంగానే తెప్పించాడు. మూతికి గుడ్డ కట్టిన ఇత్తడి బిందెలు ఎమ్మిగనూరు బస్సు టాపు మీద ఎక్కి ఆదోనికి వచ్చేవి. కండక్టరుకు అదొక వేడుక. "అత్తింట్లో గంగమ్మ లేదా అన్నా?" అని నవ్వేవాడట. ఆ నీళ్ళే తాగాను, వాటితోనే వంట చేసుకున్నాను. ఏమీ తగ్గలేదు. మా అత్త బిందెల వైపు చూసి, "నీళ్ళు గూడా తెప్పిస్తిమి, ఇంక మట్టి తెప్పియ్యాల్సిందే" అన్నది. ఆ మాటకు నాకూ నవ్వొచ్చింది.

తర్వాత ఒక వైద్యుడు వచ్చి నాడి పట్టి, ఇది గ్రహణి అన్నాడు. చూర్ణమిచ్చి, అన్నం మజ్జిగ తప్ప ఇంకేదీ ముట్టొద్దని పథ్యం పెట్టాడు. ఆ పథ్యంతో ఆదోనిలోనే, అత్తింట్లోనే, నాకు మొట్టమొదటిసారి తగ్గింది. మనసు జబ్బు కాదని లోపల ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. చూర్ణం గొప్పదని ఇంట్లో అందరూ అనుకున్నాం. పథ్యం విడిచిన రోజు, నేను నీరసపడ్డానని మా అత్త నెయ్యి ధారాళంగా పోసి గోధుమ నూక పాయసం చేసి కడుపునిండా పెట్టింది. బలానికని రోజూ గోధుమ జావ. నెల తిరక్కముందే మంచం పట్టాను. ఈసారి చూర్ణం కూడా పనిచేయలేదు.

అప్పుడు ఎవరో క్షయ అన్నారు. ఆ మాట పడగానే నా కంచం, చెంబు వేరు చేశారు. బిడ్డను నా పక్కలో పడుకోబెట్టడం మానేశారు. అది వాళ్ళ తప్పని నేను ఏనాడూ అనుకోలేదు, భయం అటువంటిది. కానీ నా కూతురు గడపకు అవతల నిలబడి "అమ్మా, ఎత్తుకో" అని చేతులు చాపుతుంటే నేను గోడవైపు తిరిగి పడుకున్న రోజులు ఇప్పటికీ గుర్తున్నాయి.

ఆదోనిలో అప్పుడే ఒక డాక్టరు కొత్తగా వైద్యం మొదలుపెట్టాడు. కర్నూలు వైపు మనిషి. మద్రాసులో చదివి, అక్కడే పెద్దాసుపత్రిలో కొన్నేళ్ళు పనిచేసి వచ్చాడు. వయసు ముప్పై దాటి ఉంటుంది. ఛాతీకి ఫోటో తీయించాడు, కళ్ళె పరీక్ష చేయించాడు. క్షయ కాదని తేల్చాడు. అందరూ అక్కడితో ఊపిరి పీల్చుకున్నారు. ఆయన మాత్రం వదల్లేదు. నా భర్త జబ్బు సంగతంతా చెప్పుకొస్తుంటే చేయెత్తి ఆపాడు.

"మీరు ఆగండప్పా. ఆమె కడుపు, ఆమె చెప్పనీ. చెప్పమ్మా, ఎప్పుడు బాగుంటావు?"

అంతకుముందు ఏ డాక్టరూ నన్ను అడగలేదు. తల వంచుకుని, "పుట్టింట్లో బాగుంటాను సార్" అన్నాను. పక్కనున్న మా అత్త నిట్టూర్చింది.

డాక్టరు నవ్వలేదు. "సరే. పుట్టింట్లో పొద్దున లేస్తూనే ఏం తింటావు?"

"సద్దన్నం, మజ్జిగ."

"అత్తింట్లో?"

"ఉప్మా."

"దేంతో చేస్తారు?"

"గోధుమ రవ్వతో."

"మధ్యాహ్నం?"

"యాడైనా బువ్వే."

"రాత్రి?"

"ఆడ జొన్నరొట్టె. ఈడ గోధుమ రొట్టె."

ఆయన చేతిలోని గుండె చూసే గొట్టం బల్లమీద పెట్టాడు. "వైద్యుడి పథ్యంలో రొట్టె ఉన్నిందా?"

"లేదు సార్. వొట్టి అన్నము, మజ్జిగ."

"మళ్ళీ ఎప్పుడు పడిపోయావు?"

ఈసారి మా అత్త జవాబిచ్చింది. "పాయసం సేసి పెట్టినాక. బలమొస్తాదని నేనే పెట్టినా."

ఆయన నెమ్మదిగా చెప్పాడు. దూరదేశాల్లో కొందరు చిన్నపిల్లలకు ఇట్లాంటి జబ్బే ఉంటుందట. యుద్ధం రోజుల్లో ఒక దేశంలో రొట్టెకు గోధుమలు దొరక్కపోతే, మిగతా పిల్లలు చిక్కిపోయారట, ఆ జబ్బు పిల్లలు మాత్రం తేరుకున్నారట. దాన్ని పట్టుకుని అక్కడి డాక్టర్లు, గోధుమలో ఉండే జిగురు పదార్థం వాళ్ళకు పడదని కనిపెట్టారట. పెద్దవాళ్ళకు కూడా అట్లా ఉండొచ్చని ఈమధ్య అంటున్నారట.

"నేను చదివిందే గాని చూసింది లేదు. మన దేశంలో ఇట్లాంటి కడుపు జబ్బులు వేరేవి చాలా ఉన్నాయి. ఇదే అని ప్రమాణం చేయలేను. చూపించే పరీక్ష కూడా నా దగ్గర లేదు. కానీ గోధుమలు మానితే పోయేదేం లేదు గదా? మూడు నెలలు మానండి. రవ్వ, మైదా, ఏదీ వద్దు."

దారిలో జట్కాలో మా అత్త గొణుగుతూనే ఉంది. "లోకమంతా తినే గోధుమలు ఈయమ్మకు విసమంట! పైదేశాలోళ్ళు అదే తిని బతుకుతాండారు గదా."

గొణిగింది గాని, ఆ రాత్రి నాకోసం జొన్నరొట్టె తట్టింది.

తగ్గింది. కానీ పుట్టింట్లో తగ్గినట్టు పూర్తిగా తగ్గలేదు. నాలుక మానింది, పరుగులు తగ్గాయి, కడుపుబ్బరం మాత్రం నాలుగు రోజులు పోయి నాలుగు రోజులు వచ్చేది. డాక్టరుకు కూడా అంతుబట్టలేదు. తన అనుమానమే తప్పేమో అన్నాడు. మా అత్తకు అది నచ్చలేదు. ఆమె స్వభావం అది. ఒక పని నమ్మినా నమ్మకపోయినా, చేతిలోకి తీసుకున్నాక సగంలో వదిలేది కాదు.

ఒక మధ్యాహ్నం జొన్నలు ఆడించుకు రావడానికి పిండి మిషను దగ్గరికి తనే పోయింది. వస్తూనే పిండి తెచ్చిన వెదురు జల్ల నా ముందర పెట్టి, "సూడు మే" అన్నది. పైనున్న పిండి జొన్నపిండి. చేత్తో అడుగుదాకా తోడింది. అడుగున వేరే రంగు పిండి, తాకితే నున్నగా ఉంది.

"మనకంటే ముందర ఎవరో గోధుమలు ఆడించినారు. మిషన్లో మిగిలిందంతా ఫస్టు మన జల్లలోనే పడింది. ప్రతిసారీ ఇంతే అయింటాది. నీకు మానిపిస్తి అనుకుంటాండాను గాని, రోజూ పెడ్తానే ఉండాను."

మా పుట్టింట్లో మిషను పిండి వాడేవాళ్ళు కాదు. మా అమ్మ ఇంట్లోనే విసిరేది. అది నాకెప్పుడూ తట్టలేదు. అటకమీద మూలన పడున్న విసుర్రాయిని మా అత్త ఆ సాయంత్రమే దింపించి, కడిగించి, వారపాకలో పెట్టింది. ఆ తర్వాత నా పిండి ఆ రాతిమీదే. ఒక పక్క నేను, ఒక పక్క ఆమె కూర్చుని విసిరేవాళ్ళం. మాటలు ఎక్కువ ఉండేవి కావు. కానీ పిడి మీద ఇద్దరి చేతులూ ఉంటాయి కాబట్టి, ఒకరికి అలసట వస్తే రెండోవాళ్ళకు తెలిసేది.

ఎండాకాలం వెళ్ళేసరికి నేను మనిషినయ్యాను. నా గాజులు మణికట్టు దగ్గర నిలిచాయి. కూతుర్ని చంకనేసుకుని మేడమెట్లు ఎక్కగలిగాను.

డాక్టరు సంతోషపడ్డాడు గాని, ఇంకో మాట అన్నాడు. ఇది గోధుమల వల్లే అని తేలాలంటే మళ్ళీ ఒకసారి తిని చూడాలి అన్నాడు. మా అత్త లేచి నిలబడింది.

"బాగైన పిల్లకు మళ్ళీ యాల తినిపించేది? వద్దు సార్."

"జన్మంతా మానాల్సిన తిండమ్మా ఇది. ఊహమీద మానిపించడం న్యాయం కాదు. అయినా ఆమె ఇష్టం."

నేను ఆలోచించాను. నాకు భయంగానే ఉంది. కానీ మనసు జబ్బు అన్న మాట నన్ను ఇంకా వదల్లేదు. బాగైంది కూడా మనసువల్లేనేమో అని ఒక ముల్లు ఉండిపోయింది. అది పోవాలి.

"తింటాను సార్. కానీ ఎప్పుడు తింటాండానో నాకు తెలీకూడదు. తెలిస్తే నా మనసే కడుపు పాడు చేస్తాదేమో."

డాక్టరు నావైపు అదోరకంగా చూశాడు. తనకూ అదే ఆలోచన ఉందనీ, అడగడానికి మొహమాటపడ్డాననీ చెప్పాడు. ఏర్పాటు ఇట్లా జరిగింది: రొట్టెలు మా అత్తే చేస్తుంది. తనకు తోచిన వారంలో గోధుమపిండి కొంచెం కలుపుతుంది. నాకు చెప్పదు. నేను పొయ్యి దగ్గరికి పోకూడదు.

ఆ మర్నాటినుంచే నాకు కడుపులో ఏదో మెలిపెట్టినట్టు అనిపించింది. ప్రతి రొట్టే మెత్తగా తోచేది. తుంచిన ముక్కను వెలుగుకు పట్టి చూసేదాన్ని. మా అత్త ముఖంలో ఏదైనా తెలుస్తుందేమో అని చూస్తే, ఆమె రాయిలా ఉండేది. మూడు నాలుగు రోజులకు ఆ మెలికలు వాటంతటవే పోయాయి. అప్పటికి ఆమె ఇంకా ఏమీ కలపలేదట. అది నాకు తర్వాత తెలిసింది.

నేను మరిచిపోయి మామూలుగా తింటున్న రోజుల్లో వచ్చింది అసలైనది. పొద్దున లేస్తే నాలుక మంట. అద్దంలో చూసుకుంటే అంచులు ఎర్రగా, పచ్చిగా. ఆ సాయంత్రం కడుపు ఉబ్బింది. మర్నాడు దొడ్లోకి పరుగులు. నేనింకా ఏమీ అనకముందే మా అత్త వచ్చి, "నాలిక సాపు" అన్నది. చాపాను. చూసింది. వంటింట్లోకి పోయి, పొద్దున కలిపి పెట్టిన పిండిని తెచ్చి పశువుల గాటిపాట దగ్గర ఎద్దు ముందర పెట్టేసింది. వచ్చి నా పక్కన కింద కూర్చుంది. ఆమె నా మంచం పక్కన నేలమీద కూర్చోవడం నేనెన్నడూ చూడలేదు.

"వారమంతా కలపమన్నాడు డాక్టరు. ఈపొద్దుతో సాలు. నేనింక కలపను, నా సేతులు రావు."

"అయితే కలిపినారా అత్తా?"

"కలిపినా. నువ్వు నవ్వుకుంటా తింటాంటే పెడ్తి." కొంగుతో ముఖం తుడుచుకుంది. "నీ జబ్బు అబద్ధం కాదు పాపా. నేనే నోరు పారేసుకుంటి. ఇంత బాధ కడుపులో పెట్టుకోని ఎట్ల తిరిగినావే ఇన్ని దినాలు?"

నాకు ఏడుపు రాలేదు. ఒంట్లో బాధగా ఉంది, లోపల మాత్రం ఎంతో తేలిగ్గా ఉంది. నా మనసు మంచిదే, నా పేగుకే ఒక తిండి పడదు. ఇంత చిన్న సంగతి. ఆరోజు మధ్యాహ్నం నా కూతురు వచ్చి నా పక్కలో పడుకుంటే ఎవరూ ఏమీ అనలేదు. ఇద్దరం నిద్రపోయాం.

తేరుకోవడానికి నెల పైన పట్టింది. ఆ తర్వాత నేను తెలిసి గోధుమ ముట్టలేదు. రెండేళ్ళకు రెండో కూతురు నిండుగా పుట్టింది. డాక్టరు ఇంకో ఊరికి వెళ్ళిపోయేముందు ఇంటికి వచ్చి నా జబ్బుకు ఇంగ్లీషు పేరొకటి చెప్పాడు గాని, అది మా ఎవరి నోరూ తిరగలేదు. ఇప్పుడు రక్తంలో చూసి చెప్పే పరీక్షలున్నాయట, లోపలి పేగు ముక్క తీసి చూస్తారట. మా చిన్నమ్మాయి చేయించుకోమంటుంది. మళ్ళీ గోధుమలు తింటేనే ఆ పరీక్షలో తేలుతుందని తెలిసి, నాకు ఎప్పుడో తేలిపోయిందిలే అన్నాను.

జబ్బు మానడం ఒక ఎత్తు, నలుగురికీ చెప్పడం ఒక ఎత్తు. హాలహర్విలో మా అత్త చెల్లెలి కూతురి పెళ్ళి జరిగింది. పంక్తిలో మేమిద్దరం పక్కపక్కన కూర్చున్నాం. పెళ్ళికొడుకు తల్లి స్వయంగా మైదాతో చేసిన ఓళిగల, అదే బొబ్బట్ల, పళ్ళెం పట్టుకుని వచ్చింది. నా విస్తట్లో వేయబోతే చేయి అడ్డం పెట్టాను.

"పడదక్కా నాకు."

"పెండ్లింట్లో వద్దంటారా ఎవరన్నా? ఒక్కటి తింటే ఏమైతాది?"

పదిమంది మావైపు తిరిగారు. మా అత్త తల ఎత్తింది.

"ఏమైతాదో నాకు దెలుసు. నేను పెట్టి సూసినాను. ఆ పిల్లకు గోధుమ పనికిరాదు. సాలు, ముందరికి పోమ్మా."

పళ్ళెం ముందుకు పోయింది. మా అత్త తన విస్తట్లో అప్పటికే పడిన ఓళిగను తుంచి నోట్లో వేసుకుని, "బెల్లం పాకం ముదిరింది, నువ్వేం పోగొట్టుకోలేదులే" అని నాకు మాత్రం వినపడేట్టు అన్నది. అన్నం వడ్డించేవాళ్ళు వచ్చారు. నేను పెరుగు వేయించుకుని కలుపుకున్నాను.